వదినగారి కిడ్నీకి మర్యాదలు

రోజు 4

ఈ పుస్తకం డాక్టర్ పవనజగారు ఇచ్చారు. ఆవిడ మా మేడగదిలో అద్దెకుంటారు. మన మెదడుకీ, ఒంట్లోని రోగనిరోధక శక్తికీ మధ్య జరిగే ఉత్తరప్రత్యుత్తరాల మీద ఆవిడ పరిశోధన. అత్తయ్యకు కొత్త కిడ్నీ పెట్టి నాలుగు రోజులైంది కాబట్టి ఇంట్లో జరిగేదంతా రాయమన్నారు. ఏది రాయాలని అడిగితే, ముఖ్యం కాదనిపించింది కూడా రాయమన్నారు. నాకు ముఖ్యం కాదనిపించేది ఏదీ ఉండదని ఆవిడకి ఇంకా తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంట్లోకి వచ్చిన ప్రతి డ్రమ్ము నీళ్ళకీ, పెట్టిన ప్రతి జాడీ పచ్చడికీ లెక్క నా దగ్గరుంది.

పుస్తకంలో నాలుగు గడులు గీశాను. వేళ. ఏం తిన్నారు. ఎవరితో ఏం మాట్లాడారు. బుస.

బుస అంటే అత్తయ్య చేతికి వేసిన కడియం మీద కనబడే అంకె. దాని అసలు పేరు చదవడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. ఒంట్లోని కాపలా కణాలు కొత్త కిడ్నీని చూసి ఎంత గుర్రుగా ఉన్నాయో అది చెబుతుంది. మావారు భానుమూర్తిగారు దానికి బుస అని పేరు పెట్టారు. ఇప్పుడు డాక్టరుగారు కూడా అలాగే అంటున్నారు.

ఆసుపత్రి వాళ్ళు చెప్పింది ఇది. ముప్పయ్యో రోజున వచ్చి చూస్తారు. ఆ రోజు బుస ముప్పై దాటి ఉంటే కిడ్నీ తీసేస్తారు. ఎవరిదైనా చర్మపు తునక నుంచి ఇంకొకటి తొట్టెలో పెంచడానికి నాలుగు నెలలు పడుతుంది. రక్తం కడిగే యంత్రానికి అత్తయ్య నరాలు ఇక ఓర్చవు. అంటే ఆ నాలుగు నెలలు ఎలా గడుస్తాయని మావారు అడిగారు. వాళ్ళు సంచీ సర్దుకున్నారు.

ఈ రోజు బుస: 14, 13, 15, 13. ఇడ్లీ రెండు, చారన్నం. అందరితోనూ ప్రసన్నంగా మాట్లాడారు.

రోజు 6

పొద్దున్న ఎనిమిదింటికి కొబ్బరి స్టీమరు వెళ్ళింది. మా కడలివాడ మొత్తం సముద్రం మీద తేలే ఊరు కాబట్టి స్టీమరు వెళ్ళినప్పుడల్లా ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఒలుకుతుంది. ఈ రోజు మావారి నోట్లోంచి మాట ఒలికింది.

అత్తయ్య ఇడ్లీ తుంపుతూ, తనకు చర్మపు తునక ఇచ్చి ఈ కిడ్నీ పెరగడానికి కారణమైన మనిషి ఎవరో గానీ పుణ్యాత్మురాలనీ, ఆమె పేరు తెలిస్తే రోజూ దీపం పెట్టుకుంటాననీ అన్నారు.

"పుణ్యాత్మురాలేవిటమ్మా, మన సుభద్ర అత్తగారేగా" అన్నారు మావారు.

ఆయన సముద్రం అడుగున మా ఊరిని పట్టి ఉంచే గొలుసులకి ఇన్‌స్పెక్టరు. వందల టన్నుల ఇనుమును కదలకుండా ఉంచగలరు. నాలుకను ఉంచలేరు.

పదకొండు మందిని పరీక్ష చేస్తే సరిపోయింది ఒక్క మహలక్ష్మిగారి తునకే. ఆవిడ మా ఆడపడుచు సుభద్రకి అత్తగారు, అత్తయ్యకి వియ్యపురాలు. పధ్నాలుగేళ్ళ కిందట సుభద్ర పెళ్ళి విందులో ఆవిడ పనసపొట్టు కూర నోట్లో పెట్టుకుని, "మావైపు ఆవ కాస్త తగిలేట్టు వేస్తారులెండి" అన్నారు. చాలా మెల్లగా అన్నారు. అయినా మూడు బంతుల వాళ్ళకి వినిపించింది. అత్తయ్య నవ్వి, "అలాగే వదినగారూ" అన్నారు. అప్పటినుంచి పధ్నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

ఇప్పుడు కూడా అత్తయ్య నవ్వారు. "వదినగారిదా. ఎంత గొప్ప మనసు" అన్నారు. బుస 13 నుంచి 47కి పోయింది. ఇడ్లీ సగంలో వదిలేశారు.

రోజు 8

బుస 46, 48, 51.

డాక్టరుగారు వంటింట్లో పీట మీద కూర్చుని నాకు అర్థమయ్యేలా చెప్పారు. మెదడు నుంచి పొడుగాటి నరం ఒకటి మెడలోంచి కడుపులోకి దిగుతుందట. అక్కడ ప్లీహం అనే చోట కాపలా కణాలు బారులు తీరి ఉంటాయట. మెదడుకి ఎవరి మీద ఏ అభిప్రాయం ఉందో అది ఆ నరం వెంబడి కిందికి చేరుతుంది. ఆ కణాలకు చదువు రాదు, గొంతు ఎలా ఉందో మాత్రమే వింటాయి. మందులు సగం కోపాన్నే తగ్గించగలవు. మిగతా సగం మెదడు చేతిలోనే ఉంది.

అయితే ఏం చేయాలని అడిగాను. మహలక్ష్మిగారి మీద అత్తయ్యకి ప్రేమ కలిగించాలి, ప్రేమ పెరిగితే బుస తగ్గుతుందని ఆవిడ సిద్ధాంతం. పదేళ్ళ పరిశోధనలో తేలిందట. ఎవరి మీద చేశారని అడిగితే ఎలుకల మీద అన్నారు. ఎలుకల్లో వియ్యపురాళ్ళు ఉంటారో లేదో నాకు తెలియదు. అడగలేదు.

మహలక్ష్మిగారిని భోజనానికి పిలిచాం.

రోజు 11

మహలక్ష్మిగారు పెద్ద తెప్ప మాట్లాడుకుని వచ్చారు. ఆవిడ మోచేతి దగ్గర చిటికెడు చర్మం తీసి నాలుగు నెలలైంది. మినపగింజంత మచ్చ కూడా లేదు. అయినా మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు కట్టుకుని వచ్చారు.

అత్తయ్య మర్యాదల్లో ఏ లోటూ చేయలేదు. ఆడపిల్లనిచ్చిన ఇంటివాళ్ళం మనం అని నాకు పొద్దున్నించి నాలుగుసార్లు గుర్తు చేశారు. కాళ్ళకి నీళ్ళు, వెండి గ్లాసు, పట్టుచీర, పళ్ళెంలో పదకొండు రకాలు. మహలక్ష్మిగారు అన్నీ అందుకుని, అత్తయ్య కడుపు వైపు వంగి, "ఏమ్మా, బాగా చూసుకుంటున్నారా నిన్ను?" అని అడిగారు.

"మీ దయ వదినగారూ. దానికి ఏ లోటూ రానివ్వం" అన్నారు అత్తయ్య.

బుస: రాకముందు 50. కాళ్ళకి నీళ్ళిచ్చినప్పుడు 55. పట్టుచీర పెట్టినప్పుడు 58. కిడ్నీని పలకరించినప్పుడు 66.

డాక్టరుగారు మెట్ల మీద నిలబడి ఇది ప్రేమలో తొలి దశ అయి ఉండొచ్చన్నారు.

రోజు 15

బుస 61, 60, 63.

అత్తయ్య కిడ్నీని ఇంటికొచ్చిన వియ్యపురాలిలాగే చూస్తున్నారు. అది ఉన్న పక్కకి తిరిగి పడుకోరు. దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతున్నారు. కాఫీ చేతికిస్తే, "ఆవిడగారికి ఇంత డికాక్షను పడుతుందో లేదో" అని పక్కన పెట్టేశారు. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని ఆపుకుంటున్నారు, అదిరిపోతుందని.

మా ఊళ్ళో చుక్క నీరు వృథా పోనివ్వరు. స్నానాల గదిలో గీతల గాజుపాత్ర ఉంటుంది. ఒంట్లోంచి వచ్చిన నీళ్ళు కూడా అందులో కొలిచి, రాసుకుని, ఆ తర్వాతే శుద్ధి చేసే పైపులోకి వదలాలి. ఆ కొలత ఇన్నాళ్ళూ నేనే చూస్తున్నాను. మొదటి వారం అత్తయ్య తొమ్మిది గ్లాసులు తాగితే ఏడున్నర వచ్చేవి. ఈ రోజు ఆరే వచ్చాయి. పాదాలు కొద్దిగా ఉబ్బాయి. మావారికి చెప్పాను. ఆయన ముఖం పది గొలుసులు ఒకేసారి తెగినట్టు అయింది. అన్నం కలుపుకుని తినకుండా లేచారు.

డాక్టరుగారు పెరుగన్నం తిన్న కంచం మామూలుగా మెట్ల మీద వదిలేశారు. తొమ్మిది నెలలుగా రోజూ వదిలేస్తున్నారు. అత్తయ్య రోజూ చూసి, "పోనీలే, డాక్టరుగారికి ఎన్ని పనులో" అంటారు.

రోజు 19

మధ్యాహ్నం చాప మీద కూర్చుని మొదటినుంచి అన్ని గడులూ చూశాను. మావారు నోరు జారిన రోజు తర్వాత నూట నాలుగు సార్లు అంకె రాశాను. అందులో నలభై లోపు ఉన్నవి ఐదు. ఆ ఐదింటి పక్కన మాటల గడిలో ఏముందో విడిగా రాసుకున్నాను.

ఒకటి: తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు మావారిని తిట్టారు. 38.

రెండు: మేడ మీద ఆరబెట్టిన వడియాలు ఎత్తుకుపోయినందుకు సముద్రపు కాకిని తిట్టారు. 39. ఆ కాకి ఐదేళ్ళుగా మా మేడ మీదే ఉంటోంది.

మూడు, నాలుగు: చారు విషయంలో నన్ను. 35, 34.

ఐదు: మళ్ళీ మావారిని, అదే తువ్వాలు. 37.

డాక్టరుగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, కోపం వస్తే బుస పెరగాలి గానీ తగ్గడం సిద్ధాంతానికి విరుద్ధం అన్నారు. అది కోపం కాదని చెప్పాను. మరేవిటని అడిగారు. ఇల్లు నడపడం అన్నాను. అది కొలిచే పరికరం తన దగ్గర లేదన్నారు.

ఆవిడకి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఎనిమిది నెలలు అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ముందు నాకే వడ్డించేవారు. "పాపం అలవాటు లేదు" అని పని చేతిలోంచి లాక్కునేవారు. నాకు ముద్ద దిగేది కాదు. ఎప్పుడు పుట్టింటికి పంపేస్తారో అన్నట్టుండేది. రెండువందల నలభై మూడో రోజున పంపు దగ్గరికి వెళ్ళొస్తుంటే అల వచ్చి తెప్ప ఊగి ఒక బిందె సగం ఒలికింది. బిందెలు మోసుకుంటూ లోపలికి వచ్చాను. అత్తయ్య రెండు బిందెల్లోకీ తొంగి చూశారు.

"పంపింది రెండు బిందెలు. వచ్చింది ఒకటిన్నర. మిగతాది ఎవరికి పోశావే?"

ఆ సాయంత్రం ఊరగాయల గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆ రోజు నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. పాత పుస్తకంలో రాసి ఉంది, తీసి చూశాను.

ఈ పందొమ్మిది రోజుల్లో అత్తయ్య కిడ్నీని ఒక్క మాట అనలేదు.

రోజు 20

బుస 62. వచ్చిన నీళ్ళు ఐదున్నర గ్లాసులు.

కిడ్నీని ఒక్కసారి తిట్టి చూడమని అత్తయ్యని నేరుగా అడిగాను. ఆవిడ చెవులు మూసుకున్నారు. వియ్యపురాలి సొమ్ముని నోరు జారి ఒక మాట అంటే రేపు సుభద్ర ఆ ఇంట్లో ఎలా తలెత్తుకుంటుందని అడిగారు. తర్వాత కడుపు మీద చెయ్యి వేసి, "మా కోడలికి తెలియదు, ఏమీ అనుకోకండి" అని కిడ్నీకి క్షమాపణ చెప్పారు. 64.

రోజు 22

నీళ్ళ కొలత పుస్తకం అత్తయ్య ఒళ్ళో పెట్టాను. రాయడం వరకే నాకు వచ్చు, పని తనిఖీ చేయడం మొదటినుంచీ మీదే కదా, ఇకనుంచి మీరే చూడండి అన్నాను. ఇది అబద్ధం కాదు. ఈ ఇంట్లో అప్పడం అంచు ఎంత పల్చన ఉందో కూడా ఆవిడే వేలితో చూస్తారు.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని గాజుపాత్ర వెలుగుకి ఎత్తి చూశారు. తొమ్మిదికి ఐదు. "పోనీలే, కొత్త చోటు" అన్నారు. బుస 62.

రోజు 23

తొమ్మిదికి ఐదు కూడా రాలేదు. "అలవాటు పడాలిగా" అన్నారు. ఈసారి పెదాలు బిగించి అన్నారు. మొదటివారం లెక్కలున్న పేజీ తిరగేశారు. ఏడున్నరలు ఉన్న వరసని వేలితో పైనుంచి కిందికి చదివారు. బుస 59.

పాదాల మీద నొక్కితే గుంట పడుతోంది. ఇంకా ఏడు రోజులున్నాయి.

రోజు 24

ఉదయం పదిన్నర. స్నానాల గదిలో అత్తయ్య గాజుపాత్ర కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆవిడ గొంతు వినబడింది.

"ఏమే. పోసింది తొమ్మిది గ్లాసులు. వచ్చింది నాలుగున్నర. మిగతావి ఎవరికి పోశావే?"

నేను పెన్ను, పుస్తకం తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళాను. బుస కోసం లోపలికి తొంగి చూడాల్సి వచ్చింది. 52.

"మొదటివారం ఏడున్నర తెచ్చిన దానివి ఇప్పుడేం రోగం? గొప్పింటి నుంచి వచ్చానని కాళ్ళు చాపుకుని కూర్చుందామనుకున్నావా? ఇక్కడ అందరూ పని చేస్తారు. వాడు నీళ్ళలో దిగి గొలుసులు చూస్తాడు. ఆ పిల్ల తెల్లారి లేచి పొయ్యి వెలిగిస్తుంది. నువ్వొక్కదానివి మహారాణివా?"

43.

"కాఫీ పడదేమోనని ఇరవై రోజులు మానేశాను నీ కోసం. సిగ్గుందా?"

36.

డాక్టరుగారు వట్టి కాళ్ళతో మెట్ల మీద నిలబడి వింటున్నారు. చేతిలో పరికరం ఉంది, దాన్ని నొక్కడం మర్చిపోయారు. ఫరవాలేదు, నేను రాశాను.

అత్తయ్య బయటికి వచ్చి కాఫీ అడిగారు. చిక్కటి డికాక్షనుతో.

రోజు 27

బుస 37, 33, 34, 30. నీళ్ళు ఆరున్నర. పాదాల వాపు తగ్గింది. అత్తయ్య కిడ్నీ ఉన్న పక్కకే తిరిగి పడుకుంటున్నారు. నలుగుతుందేమో అన్నాను. నలిగితే అలవాటవుతుంది, నువ్వు అలవాటు పడలేదా అన్నారు.

పొద్దున్న కిడ్నీని, సాయంత్రం మావారిని, మధ్యలో కాకిని. వరస పెట్టి అందరికీ అందుతోంది.

రోజు 30

ఆసుపత్రి మనిషి తొమ్మిదింటికి పడవ దిగాడు. చేతిలో పెట్టె. కిడ్నీ తీయాల్సి వస్తే అత్తయ్యని అదే పడవలో తీసుకువెళతారట. బుస 28. ఒక గంట కూర్చుని మూడుసార్లు చూసి రాసుకోవాలన్నాడు, మూడింటిలో రెండు ముప్పై దాటితే తీసేయడమేనట. మొదటిది రాసుకున్నాడు.

స్నానాల గదిలోంచి అత్తయ్య గొంతు వినబడుతూనే ఉంది. "తెమలవే, ఇంట్లో పరాయి మనిషి కూర్చున్నాడు, పరువు తీస్తావా" అంటున్నారు.

అదే సమయానికి గుమ్మంలోకి మహలక్ష్మిగారు వచ్చారు. చెప్పకుండా వచ్చారు. ఆవపిండి జాడీ తెచ్చారు. ఈసారి కట్టు భుజం దాకా ఉంది.

అత్తయ్య చీర సర్దుకుంటూ బయటికి వచ్చారు.

"వదినగారూ, ఎవర్ని అంటున్నారు?"

"కిడ్నీని."

"నా కిడ్నీనా?"

కడియం 28 నుంచి 41కి పోయింది. ఆసుపత్రి మనిషి చూశాడు, రెండోది రాసుకున్నాడు. మావారు లంగరు తాడు పట్టుకుని దానికేదో అయినట్టు పరీక్షగా చూడసాగారు. అత్తయ్య నోరు తెరిచారు. తప్పయిపోయింది వదినగారూ అనబోతున్నారని ఆ పెదాల తీరు చూస్తే నాకు తెలిసిపోయింది. ఆ మాట ఒక్కటి బయటికి వస్తే మూడో అంకె ఎంత ఉంటుందో కూడా తెలుసు. నా చేతిలో గరిట ఉంది. కింద పడేసి చప్పుడు చేద్దామా అనుకున్నాను.

అత్తయ్య నోరు మూసుకున్నారు. కడుపు మీద చెయ్యి వేసుకున్నారు. మళ్ళీ తెరిచారు.

"మీదెక్కడిది వదినగారూ. గడప దాటి వచ్చాక మా ఇంటి పిల్ల. మా పిల్లని మేం అనుకుంటాం."

మహలక్ష్మిగారు జాడీని చంకలోకి లాక్కున్నారు.

"అలాగైతే మీ సుభద్రని నేనూ అంటున్నాను. రోజూ అంటున్నాను."

"అనండి. అనడం మానేస్తేనే నాకు భయం."

మహలక్ష్మిగారు జాడీ బల్ల మీద గట్టిగా పెట్టారు.

"అయితే చెబుతున్నాను వినండి. ఆ రోజు మీ పనసపొట్టులో ఆవ లేనే లేదు."

"లేదు. వంటవాడికి పడవ తప్పిపోతే నేనే కలిపాను, మర్చిపోయాను. అయితే ఏవిటట? బంతిలో అంత మంది ముందు అనాలా? మీకు నాలుకే గానీ మనసు లేదు."

"మనసు లేకపోతే చెయ్యి కోయించుకుంటానా?"

"చిటికెడు తోలు తీసినందుకు భుజం దాకా కట్టా? విప్పండి చూస్తాను."

విప్పించారు. ఏమీ లేదు. అత్తయ్య నవ్వారు. పధ్నాలుగేళ్ళుగా నవ్వుతున్న నవ్వు కాదు, పళ్ళు కనబడ్డాయి. మహలక్ష్మిగారు కూడా నవ్వు ఆపుకోలేక జాడీ మూత తీసి నా వైపు తోశారు. ఆ తర్వాత పావుగంట సేపు ఇద్దరూ పెళ్ళిలో వడ్డించిన పదార్థాలన్నిటినీ వరసగా తిట్టుకున్నారు. మధ్యలో ఆసుపత్రి మనిషి మెల్లగా కడియం మీదికి వంగాడు.

17.

మూడోది రాసుకుని, మధ్యది ఎందుకు అంత పెరిగిందో కారణం రాయాలి, ఏం రాయమంటారని నన్ను అడిగాడు. చుట్టాలొచ్చారని రాయమన్నాను. పెట్టె పడవలో పెట్టేసి టీ తాగి వెళ్ళాడు.

రోజు 31

బుస 16, 15. నీళ్ళు ఏడున్నర.

డాక్టరుగారు వ్యాసం రాస్తున్నారు. తిట్టు అనే మాట శాస్త్రీయంగా లేదట, దానికి తొమ్మిది అక్షరాల పేరు ఒకటి కట్టారు. నా లెక్కలన్నీ వ్యాసంలో చేరుస్తారట. ఎలుకల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. వాటిని ఎవరు తిట్టాలి అన్నది తేలడం లేదు. అత్తయ్య ఖాళీగా ఉన్నప్పుడు చూద్దామన్నాను.

మధ్యాహ్నం అత్తయ్య మెట్ల దగ్గర ఆగారు. కంచం ఉంది.

"ఏమ్మా పవనజా. తిన్న కంచం ఎవరు కడుగుతారు, మీ ఎలుకలా?"

డాక్టరుగారు పరుగున దిగి వచ్చారు. కంచం కడుగుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏమైందని అడిగితే ఏమీ లేదు, ఎందుకో ఇప్పుడు చాలా ఆకలేస్తోందన్నారు. మళ్ళీ వడ్డించాను.

సాయంత్రం అత్తయ్య నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. "హైమా, నువ్వు లేకపోతే నేను లేనమ్మా. చాలా శ్రమ పడ్డావు. ఇక నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో" అన్నారు. ఇరవై ఆరేళ్ళలో ఇలాంటి మాట వినలేదు. ఎంతో ఆప్యాయంగా అన్నారు.

నాకు గొంతులో దురద మొదలైంది. తుమ్ములు పదకొండు. అన్నం సగంలో వదిలేశాను.

రోజు 32

ఉదయం ఏడింటికి ఉప్మా పెట్టాను. అత్తయ్య నోట్లో వేసుకుని నా వైపు చూశారు. "ఇందులో ఉప్పు ఎవరు వేస్తారే, స్టీమరు వాళ్ళా?" అన్నారు.

తుమ్ములు లేవు. ఉప్మా రెండుసార్లు పెట్టుకున్నాను. నిజంగానే ఉప్పు లేదు.